ఎండ ఉన్నప్పుడే మోటారు

2025 మే నెలాఖరులో వానలు ముందే పలకరించాయి. ఊళ్ళు చల్లబడ్డాయి, ఏసీలు ఆగాయి. సోలార్ ప్లాంట్లు మాత్రం ఆగలేదు. దాంతో ఒక ఆదివారం మధ్యాహ్నం విద్యుత్ ఎక్స్ఛేంజిలో యూనిట్ ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్ళు లేరు. అదే వేసవిలో, అదే ఎక్స్ఛేంజిలో, పొద్దు గూకిన తర్వాత ధర గరిష్ఠ పరిమితి అయిన పది రూపాయలను తాకిన రోజులూ ఉన్నాయి. కరెంటు అదే, తీగలు అవే. మారింది గంట ఒక్కటే.

బొగ్గును వదిలి ఎండకూ గాలికీ మళ్ళడం గురించి జరిగే చర్చలో మెగావాట్లకు ఉన్న మర్యాద గంటలకు లేదు. 2025 జులైలో కేంద్ర ప్రభుత్వం ఒక లెక్క గర్వంగా చెప్పింది. దేశంలోని మొత్తం 485 గిగావాట్ల స్థాపిత సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గు, గ్యాస్‌లతో పని లేనిదేనని, పారిస్ ఒప్పందం కింద 2030కి చేరతామన్న గమ్యాన్ని ఐదేళ్ళ ముందే చేరామని. లెక్క తప్పు కాదు. అయితే ఆ సగంలో పెద్ద జలవిద్యుత్ కేంద్రాలూ, అణువిద్యుత్ కేంద్రాలూ ఉన్నాయి. పైగా సామర్థ్యం వేరు, చేతికొచ్చే యూనిట్లు వేరు. ఇంట్లో పదిమంది ఉన్నంత మాత్రాన పది కూలీలు రావు. సోలార్ ప్లాంటు ఏడాది పొడవునా ఇచ్చే కరెంటు దాని పూర్తి శక్తిలో నాలుగో వంతుకు అటూ ఇటూగా ఉంటుంది. అందుకే దేశం వాడే ప్రతి పది యూనిట్లలో ఏడింటి దాకా ఇప్పటికీ బొగ్గు కాల్చి తీసినవే. 2024-25లో మన బొగ్గు ఉత్పత్తి మొట్టమొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. ఈ రికార్డూ ఆ రికార్డూ నాలుగు నెలల తేడాతో వచ్చాయి.

ఈ రెండూ పక్కపక్కనే నిలబడటానికి కారణం సాయంత్రం. పొద్దు వాలే వేళకు సోలార్ కరెంటు గంటా రెండు గంటల్లో మాయమవుతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్ళలో లైట్లు, టీవీలు, కూలర్లు, ఏసీలు మొదలవుతాయి. ఆ ఖాళీని నింపడానికి థర్మల్ కేంద్రాలను పగలంతా సన్నటి సెగ మీద ఉంచాలి. వాటిని మధ్యాహ్నం పూర్తిగా ఆర్పి సాయంత్రానికి మళ్ళీ వెలిగించడం కుదిరే పని కాదు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం థర్మల్ యూనిట్లు తమ సామర్థ్యంలో 55 శాతానికి తగ్గి నడవగలగాలి, ముందుముందు 40 శాతానికి. అంతకన్నా కిందికి దిగితే బాయిలర్‌కు చేటు. కాబట్టి మధ్యాహ్నం ఎండ ఎంత ఉచితంగా వచ్చినా దాని పక్కన బొగ్గు మండుతూనే ఉంటుంది.

దీనికి మందు ఏదని అడిగితే బ్యాటరీ అంటారు, నీటిని పైకెత్తి నిల్వ చేసే పంప్డ్ స్టోరేజీ అంటారు. రెండూ కావలసినవే. కానీ తెలుగు రాష్ట్రాల్లో వాటికన్నా ముందు వాడుకోవాల్సిన సాధనం ఒకటి పొలాల గట్ల మీద ఎప్పటినుంచో ఉంది. అది బోరు మోటారు.

కరెంటు మోటారుకు తెలుగు రాజకీయాల్లో ఉన్న చోటు చిన్నది కాదు. ఛార్జీల పెంపుపై ఆందోళన 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకూ మరణాలకూ దారితీసింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వెంటనే వై.ఎస్.రాజశేఖరరెడ్డి పెట్టిన మొదటి సంతకం వ్యవసాయ ఉచిత విద్యుత్ ఫైలు మీద. అప్పుడు రోజుకు ఏడు గంటలు. తర్వాత తొమ్మిది అన్నారు. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఇవ్వడం మొదలుపెట్టింది. 2023 జులైలో, ఎన్నికలకు కొద్ది నెలల ముందు, మూడెకరాల రైతుకు మూడు గంటల కరెంటు చాలన్నట్టు రేవంత్‌రెడ్డి అమెరికాలో అన్న మాట రాష్ట్రమంతా రోడ్డెక్కింది. అధికారంలోకి వచ్చాక ఆయన ప్రభుత్వమూ 24 గంటల పద్ధతినే కొనసాగించింది. ఏడా, తొమ్మిదా, ఇరవై నాలుగా? పాతికేళ్ళుగా పోటీ ఈ అంకెల మీదే.

ఎన్ని గంటలు అన్నదే అందరి మాటా. ఏ గంటలు అన్నది ఎవరూ అడగలేదు, రైతు తప్ప.

రైతుకు ఆ ప్రశ్న మొదటినుంచీ తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి త్రీఫేజ్ కరెంటు విడతలుగా వచ్చేది. పగలు కొంత, రాత్రి కొంత. ఊళ్ళకూ ఫ్యాక్టరీలకూ పోగా మిగిలింది మోటారుకు. రాత్రి విడత ఒంటిగంటకో రెండింటికో వస్తే టార్చిలైటు పట్టుకుని చేను గట్టున నడవాలి. తేలో పామో కాలికి తగిలినవాళ్ళూ, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ తిన్నవాళ్ళూ ప్రతి మండలంలో ఉన్నారు. ఆ బాధ తప్పించుకోవడానికే ఆటోస్టార్టర్లు వచ్చాయి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది, మడి నిండి పొర్లినా తిరుగుతూనే ఉంటుంది. 24 గంటల సరఫరా వచ్చాక ఇదే ఆటోస్టార్టర్ తలనొప్పిగా మారింది. దాన్ని తీసేయమని తెలంగాణ ప్రభుత్వమే రైతుల్ని బతిమాలాల్సి వచ్చింది. బోర్లు ఎండుతాయన్న భయంతో తొమ్మిది గంటలు చాలని చెప్పిన ఊళ్ళూ ఉన్నాయి.

ఇప్పుడు చిన్న గుణకారం. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. ఐదు హెచ్‌పీ మోటారు తిరిగితే 3.7 కిలోవాట్లకు పైనే. తెలంగాణలో వ్యవసాయ కనెక్షన్లు పాతిక లక్షలు దాటాయి, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై లక్షలకు దగ్గర్లో ఉన్నాయి. పాతిక లక్షల ఐదు హెచ్‌పీ మోటార్లు ఒక్కసారి తిరిగితే దాదాపు 9,300 మెగావాట్లు కావాలి. అన్నీ ఒకేసారి తిరగవు, అన్నీ ఐదు హెచ్‌పీవీ కావు. అయినా ఇందులో మూడో వంతు వేసుకున్నా అది కర్నూలు జిల్లాలో దాదాపు ఆరు వేల ఎకరాల్లో పరుచుకున్న వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కులాంటివి మూడు తాగేసే గిరాకీ. తెలంగాణలో అత్యధిక డిమాండ్ నడివేసవిలో రాదు. యాసంగి వరి పొట్టకొచ్చే మార్చిలో వస్తుంది. 2025 మార్చిలో అది 17,000 మెగావాట్లు దాటింది. ఆ శిఖరాన్ని నిలబెట్టేవి ఏసీల కన్నా మోటార్లే.

కరెంటుతో మనం చేసే పనుల్లో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఆసుపత్రి, రైలు, ఇంట్లో ఫ్యాను ఒక్క నిమిషం ఆగలేవు. పొలానికి తడి మధ్యాహ్నం రెండింటికి ఇచ్చినా, రాత్రి రెండింటికి ఇచ్చినా పైరుకు ఒకటే. నీరు ఒకసారి మడిలో చేరాక ఆ కరెంటు పని అయిపోయినట్టే. రెండు రాష్ట్రాల మోటార్లనూ ఎండ గంటల్లోకి జరిపితే పగటి సోలార్ అక్కడే ఖర్చవుతుంది, ఉదయం, రాత్రి పూట బొగ్గు మీద భారం దిగుతుంది, రైతు రాత్రి నిద్రపోతాడు. ముగ్గురికీ లాభం ఉన్న ఏర్పాట్లు విద్యుత్ రంగంలో అరుదు.

ఇది ఊహ కాదు. పక్కనున్న కర్ణాటక వ్యవసాయ సరఫరాలో పెద్ద భాగాన్ని సోలార్ వేళలకు మార్చుకుంది. అక్కడ ఒకప్పుడు పొద్దున్నా సాయంత్రమూ ఉండే గరిష్ఠ డిమాండ్ ఇప్పుడు పట్టపగలుకు జరిగింది. గుజరాత్ రెండు వేల దశకం మొదట్లో జ్యోతిగ్రామ్ పథకం కింద ఊరి లైన్లనూ పొలం లైన్లనూ విడదీసింది. 2020లో కిసాన్ సూర్యోదయ పేరుతో పగటి సరఫరాకు దిగింది. మహారాష్ట్ర 2017లో మొదలుపెట్టిన సౌర కృషి వాహిని పథకాన్ని 2023లో విస్తరించి, సబ్‌స్టేషన్ల నుంచి పొలాలకు వెళ్ళే ఫీడర్ లైన్ల పక్కనే చిన్న సోలార్ ప్లాంట్లు కట్టిస్తోంది.

ఆంధ్రప్రదేశ్ కూడా ఈ దారిలో సగం నడిచింది. తొమ్మిది గంటలూ పగలే ఇస్తామని 2019లో వచ్చిన ప్రభుత్వం చెప్పింది. ఫీడర్లను బలపరచడానికి దాదాపు 1,700 కోట్లు వెచ్చించింది. ఆలోచన మంచిదే. ఆ పగటి కరెంటు ఎక్కడినుంచి తేవాలన్న చోట కథ అడ్డం తిరిగింది. ముందు రాష్ట్రంలోనే పెద్ద సోలార్ పార్కులన్నారు. ఆ టెండర్లు హైకోర్టులో నిలవలేదు. 2021 డిసెంబరులో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్‌తో యూనిట్ 2.49 రూపాయలకు 7,000 మెగావాట్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ ప్లాంట్లు రాజస్థాన్‌లో. రాయలసీమ ఎండను వదిలి థార్ ఎండను అంత దూరం తీగల మీద తేవడం ఏమిటన్న ప్రశ్న అప్పుడే వచ్చింది. 2024 నవంబరులో ఆ ఒప్పందం చుట్టూ లంచాల ఆరోపణలు అమెరికా కోర్టు మెట్లెక్కాయి. ఆరోపణలు ఎదుర్కొన్న సంస్థ వాటిని ఖండించింది. తప్పొప్పులు తేల్చేది కోర్టులు. ఒకటి మాత్రం వాటితో పని లేకుండానే చెప్పవచ్చు. పగటి కరెంటుకు అంత పెద్ద, అంత దూరపు ఒప్పందం అక్కర్లేదు.

ఎందుకంటే ఒక వ్యవసాయ ఫీడర్ కింద మూడు వందల ఐదు హెచ్‌పీ మోటార్లుంటే మొత్తం గిరాకీ ఒక మెగావాట్‌కు కాస్త ఎక్కువ. దానికి సరిపడే సోలార్ ప్లాంటుకు ఐదారెకరాలు చాలు. సబ్‌స్టేషన్ పక్కనున్న బీడు భూమిలోనే అది పట్టేస్తుంది. కరెంటు పుట్టిన చోటే ఖర్చవుతుంది కాబట్టి దారిలో పోయే నష్టం తక్కువ, కొత్త హైటెన్షన్ లైన్ల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూపూ ఉండదు. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కుసుమ్ పథకంలో ఫీడర్ స్థాయి సోలార్‌కు 30 శాతం సాయం పెట్టారు. పథకం ఉన్నా రెండు రాష్ట్రాలూ చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. రిబ్బను కత్తిరించడానికి ఒక మెగావాట్ ప్లాంటు మరీ చిన్నది కాబోలు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. మొదటిది భూగర్భ జలం. రైతుకు విడిగా సోలార్ పంపుసెట్టు ఇస్తే ఎండ ఉన్నంతసేపూ ఉచితమే, తోడుతూనే ఉంటాడన్న భయం ఉంది. అనంతపురం లాంటి జిల్లాలో వెయ్యి అడుగులు దించినా బోరులో తడి తగలని చోట ఇది తీసిపారేయగల భయం కాదు. తెలంగాణ 2025 మేలో అమ్రాబాద్ మండలం మాచారంలో ప్రారంభించిన ఇందిర సౌర గిరి జల వికాసం గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులివ్వాలనుకుంటోంది. కరెంటు స్తంభమే చేరని చోట అది న్యాయమే. తీగ ఉన్న చోట మాత్రం ఫీడర్ పద్ధతి మేలు. పొద్దు గూకితే సరఫరా ఆగుతుంది, ఆటోస్టార్టర్ ఉన్నా రాత్రంతా తోడలేదు.

ఇంకో అడుగు ముందుకు వేసిన ఊరు గుజరాత్ ఖేడా జిల్లాలోని ఢుండి. అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ తోడ్పాటుతో దాదాపు పదేళ్ళ కిందట అక్కడి కొద్దిమంది రైతులు సోలార్ పంపుల సహకార సంఘం పెట్టుకున్నారు. తోడుకోగా మిగిలిన కరెంటును గ్రిడ్‌కు అమ్ముతారు. అప్పటిదాకా నీళ్ళు తోడడమే రైతుకు లాభం. ఇక్కడ తోడకపోయినా డబ్బే. వరిని తగ్గించమని తెలంగాణ ప్రభుత్వాలు ఏళ్ళుగా చెబుతున్న మాట చెవికెక్కడం లేదు. దాని పక్కన యూనిట్‌కు రెండున్నర రూపాయలు పెడితే ఎక్కుతుందేమో ప్రయత్నించడంలో తప్పు లేదు.

రెండో అభ్యంతరం మబ్బు. ఆషాఢ శ్రావణాల్లో వారం పాటు సూర్యుడు కనిపించకపోవచ్చు. అప్పుడు పొలానికి కరెంటు గ్రిడ్ నుంచే రావాలి. ఆ రోజుల్లో వాన కూడా ఉంటుంది కాబట్టి మోటారు పని తక్కువే. మూడోది ట్రాన్స్‌ఫార్మర్. అందరి మోటార్లూ ఒకే ఎనిమిది గంటల్లో తిరిగితే పాతిక కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదు. కాలిపోతే బాగు చేయించడానికి రైతులు చందాలేసుకునే ఊళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఉదయం ఒక వంతు, మధ్యాహ్నం ఒక వంతు అని ఊళ్ళను విడగొట్టడం, ట్రాన్స్‌ఫార్మర్లు పెంచడం, లైన్‌మన్ల ఖాళీలు నింపడం, ఇవేవీ పత్రికల్లో మొదటి పేజీకి ఎక్కే పనులు కావు. అసలు ఖర్చూ అసలు పనీ ఇక్కడే ఉన్నాయి.

బోర్లకు చెప్పింది ఎత్తిపోతలకూ వర్తిస్తుంది. కాళేశ్వరం పథకంలో లక్ష్మీపూర్ దగ్గరి గాయత్రి పంపుహౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. వరద వచ్చే వంద రోజుల్లో నీళ్ళు ఎప్పుడుంటే అప్పుడు ఎత్తాల్సిందే, ఎండ కోసం గోదావరి ఆగదు. ఒక జలాశయం నుంచి పైనున్న జలాశయానికి, చెరువులకు మళ్ళించే పని మాత్రం రాత్రి చేయాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. రాయలసీమలో హంద్రీ-నీవా మోటార్లు తిరిగేది దేశంలో మంచి ఎండ పడే ప్రాంతాల్లో ఒకటైన నేల మీద. వాటి నడక సమయాలను నీటిపారుదల శాఖ, విద్యుత్ శాఖ కూర్చుని మాట్లాడుకుని నిర్ణయించాలి. ఈ రెండు శాఖలూ ఒకదానికొకటి రాసుకునే ఉత్తరాల్లో ఎక్కువ భాగం బకాయిల గురించే.

మోటార్లన్నీ పగటికి జరిగినా ఇళ్ళ సాయంత్రం మిగిలే ఉంటుంది. దానికి తెలుగు నేల మీద పాత ఆస్తులున్నాయి. నాగార్జునసాగర్‌లో వంద మెగావాట్ల చొప్పున ఏడు, శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల చొప్పున ఆరు టర్బైన్లు రెండు వైపులా తిరిగేవి. కిందికి వదిలితే కరెంటు, చవక కరెంటు ఉన్నప్పుడు తిప్పితే నీళ్ళు మళ్ళీ పైకి. రెండూ కలిపి 1,600 మెగావాట్లు. దేశంలో పంప్డ్ స్టోరేజీ మీద ఇంత చర్చ మొదలుకాకముందే కట్టినవి. అయితే సాగర్‌లో కింద నీరు నిలిచే టెయిల్‌పాండ్ లేక దశాబ్దాల పాటు అవి ఒక వైపే తిరిగాయి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 2020 ఆగస్టులో అగ్నిప్రమాదం జరిగి తొమ్మిది మంది చనిపోయారు. 2021లో నీళ్ళు వదిలి కరెంటు తీసే విషయంలో రెండు రాష్ట్రాలూ తగువుపడి సాగర్ మీద పోలీసులను మోహరించాయి. కృష్ణా నీటి వాటాలు తేలేదాకా ఆగనక్కర్లేదు. రాత్రి వదిలిన నీరు మధ్యాహ్నానికి తిరిగి పైకి వెళ్తే ఎవరి వాటాలోనూ చుక్క తగ్గదు. ఈ ఒక్క అంశం మీద ఒప్పందం చేసుకోలేనంత శత్రుత్వం రెండు ప్రభుత్వాల మధ్య ఉందా?

కొత్తవీ వస్తున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో సంస్థ చేపట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి 2022 మేలో శంకుస్థాపన జరిగింది. నదిని ఆపకుండా రెండు చెరువుల మధ్య నీటిని పైకీ కిందికీ ఆడించే పద్ధతి అది. వంద యూనిట్లు పెట్టి ఎత్తితే డెబ్బై అయిదు, ఎనభై తిరిగొస్తాయి. మంచి పద్ధతే. అయితే ఇదే నమూనాలో ప్రతి కొండకూ ఒక ప్రాజెక్టు అంటగట్టబోవడంతో అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఆదివాసీలు అడ్డం తిరిగారు. అయిదో షెడ్యూలు ప్రాంతంలో గ్రామసభ ఒప్పుకోకుండా కొండ తవ్వితే దానికి హరిత విద్యుత్ అన్న పేరు ఎలా చెల్లుతుంది?

బ్యాటరీల ధర మాత్రం అందరి అంచనాలనూ తలకిందులు చేసింది. 2022లో సోలార్ ఎనర్జీ కార్పొరేషన్ పిలిచిన టెండరులో మెగావాట్‌కు నెలకు 10.8 లక్షల రూపాయలు పలికితే, 2025 టెండర్లలో అది రెండు, మూడు లక్షల మధ్యకు దిగింది. కాలిఫోర్నియాలో 2024 ఏప్రిల్ నాటికి బ్యాటరీలు పది వేల మెగావాట్లు దాటాయి. ఆ నెలలోనే ఒక సాయంత్రం కాసేపు ఆ రాష్ట్ర గ్రిడ్‌కు అన్నిటికన్నా ఎక్కువ కరెంటిచ్చినవి అవే. మన దగ్గర కొత్త థర్మల్ కేంద్రాల కరెంటుకు ఈమధ్య వచ్చిన టెండర్లు యూనిట్ అయిదు రూపాయలు దాటాయి. రెండున్నర రూపాయల ఎండ కరెంటుకు బ్యాటరీ అద్దె కలిపినా ఆ పోటీలో నిలబడుతుంది.

ఇంత చవక ఊరికే రాదు. పెట్టుబడి పెట్టేవాడికి డబ్బు తిరిగొస్తుందన్న నమ్మకం కావాలి. ఆంధ్రప్రదేశ్ ఆ నమ్మకాన్ని తనే పోగొట్టుకుంది. పాత పవన, సౌర ఒప్పందాల్లో ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ 2019 జులైలో ప్రభుత్వం సమీక్షకు కమిటీ వేసింది. ధరలు ఎక్కువే. పవన విద్యుత్ యూనిట్ 4.84 రూపాయలకు కొన్న ఒప్పందాలున్నాయి. కానీ అప్పటి మార్కెట్‌లో అదే ధర. కర్నూలు పార్కులో 2015లో 4.63 రూపాయలకు టెండరు గెలిచిన అమెరికా సంస్థ సన్ఎడిసన్‌కు దేశంలో అదే అతి తక్కువ రేటని పేరొచ్చింది. మరుసటేడే ఆ సంస్థ దివాలా తీసింది. 2017లో కడప పార్కుకు 3.15, రాజస్థాన్ భడ్లాకు 2.44. పడిపోయే ధరను చూసి పాత సంతకాన్ని చింపేస్తే రేపు సంతకం పెట్టడానికి ఎవరొస్తారు? మధ్యలో హైకోర్టు తాత్కాలికంగా రెండున్నర లోపు చెల్లించమంది, 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పందం ప్రకారమే మొత్తం కట్టాలని తీర్పిచ్చింది. పోయిన ఆ మూడేళ్ళ కాలానికి వెల కట్టలేం. వినియోగదారుడికి మిగిలింది పాత ఏళ్ళ ఖర్చుల తేడాను బిల్లులో కలిపే ట్రూఅప్ ఛార్జీలు.

పెట్టుబడి తర్వాత కావలసింది నేల. సోలార్ పార్కంటే భూసేకరణ అన్నదే మన అలవాటు. అనంతపురం సరిహద్దును ఆనుకుని, ఇంటింటా తెలుగు వినిపించే కర్ణాటక పావగడలో 2,050 మెగావాట్ల పార్కు కోసం దాదాపు 13,000 ఎకరాలను కొనలేదు, కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు. కరువు నేలకు అది వేరుశనగ ఇచ్చినదానికన్నా నికరమైన ఆదాయం, పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. అయితే భూమి లేని కూలీకీ, గొర్రెల కాపరికీ ఆ కౌలులో పైసా లేదు. పలకలు తుడిచే పని, కాపలా పని కొద్దిమందికే. కౌలు పద్ధతిని తెచ్చుకోవాల్సిందే, కూలీకి కూడా అందులో భాగం రాసి మరీ.

ఆ కూలీల ప్రశ్నే గోదావరి లోయలో ఇంకా పెద్దది. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన నాటినుంచి ఆ నేల బతుకంతా గని చుట్టూనే. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. ఇప్పుడు పర్మినెంటు కార్మికులు నలభై వేల చిల్లర. ఉత్పత్తి మాత్రం ఏడాదికి ఏడు కోట్ల టన్నులకు చేరింది. అంటే ఉద్యోగాలను సోలార్ తినకముందే ఓపెన్‌కాస్ట్ యంత్రాలు తినేశాయి. దసరాకు లాభాల్లో వాటా పంచుకునే సంస్థ అది. 2024లో 33 శాతం కింద పర్మినెంటు కార్మికులకు 796 కోట్లు పంచారు. అదే పండక్కి కాంట్రాక్టు కార్మికులకు మొదటిసారి తలా అయిదు వేలు ఇచ్చారు. ఇద్దరి మధ్య దూరం ఎంతో ఆ రెండు అంకెల్లో ఉంది. పరివర్తన బరువు మొదట పడేది ఆ అయిదు వేలు తీసుకున్నవాడి మీదే.

బొగ్గు కేంద్రాలు మూతపడటం ఇప్పటికే మొదలైంది. 1971 నాటి 62.5 మెగావాట్ల రామగుండం బి కేంద్రం 2024లో ఆగిపోయింది. ఆ ఏడాది ఆగస్టులోనే పాల్వంచలో పాత కొత్తగూడెం కేంద్రం కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. మరోపక్క రామగుండంలో ఎన్‌టీపీసీ జలాశయం మీద వంద మెగావాట్ల తేలియాడే సోలార్ 2022 నుంచి నడుస్తోంది. సింగరేణి తన నేలల్లో రెండు వందల మెగావాట్లకు పైగా సోలార్ పెట్టుకుంది. అక్కడ తవ్వి వదిలేసిన గోతుల్లో, మట్టి గుట్టల మీద చేయాల్సిన పని చాలా ఉంది. బ్యాటరీ ఫ్యాక్టరీ ఒకటి తెలంగాణకు వస్తే దాన్ని హైదరాబాద్ ఔటర్ రింగురోడ్డు పక్కన కాక గోదావరిఖనిలో పెట్టమని పట్టుబట్టడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని. ఇప్పటిదాకా ఆ పట్టుదల కనిపించలేదు. సింగరేణి గనులకు దూరంగా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం కట్టిన రాష్ట్రంలో, చోటు ఎంపిక ఎప్పుడూ లెక్క ప్రకారమే జరుగుతుందనుకోవడం అమాయకత్వం.

యాదాద్రి కట్టేశాం, అది పాతికేళ్ళకు పైగా ఉంటుంది. దాన్ని ఎన్ని గంటలు నడపాలన్నది మాత్రం ఇంకా మన చేతిలోనే ఉంది. మళ్ళీ గంటల లెక్కే.

ఆ లెక్క రాయడానికి అడ్డుగా ఉన్న గోడ ఒకటుంది. అది మీటరు. శ్రీకాకుళంలో పంపుసెట్లకు మీటర్లు పెట్టబోతే అది ఉచిత విద్యుత్‌కు ఉరి అన్నారు. తెలంగాణలో కేసీఆర్ మోటార్లకు మీటర్లు పెట్టేది లేదని తెగేసి చెప్పారు. 2023 జూన్‌లో కేంద్రం గంటల వారీ ఛార్జీల నిబంధన తెచ్చింది. సోలార్ వేళల్లో ధర తగ్గింపు, సాయంత్రం పెంపు. అందులోనూ వ్యవసాయాన్ని మినహాయించింది. రైతుల భయం అర్థం చేసుకోదగ్గదే. మీటరొస్తే బిల్లొస్తుందని పాతికేళ్ళ అనుభవం వాళ్ళకు నేర్పింది. కానీ గంటలు తెలుసుకోవడానికి బోరు దగ్గర మీటరు అక్కర్లేదు. సబ్‌స్టేషన్‌లో ప్రతి ఫీడరుకూ మీటరు ఉంది. ఏ ఫీడరు ఏ గంటలో ఎంత లాగిందో విద్యుత్ పంపిణీ సంస్థలైన డిస్కంల కంప్యూటర్లలో ఉంది. దాన్ని బయట పెట్టడం లేదు, అంతే. పెడితే వ్యవసాయ వాడకం పేరుతో రాసుకునే నష్టాలు, దొంగ కరెంటు కూడా బయటికొస్తాయి.

ఏటా నవంబరు చివరికి డిస్కంలు తమ ఆదాయ అవసరాల నివేదికలను విద్యుత్ నియంత్రణ మండళ్ళ ముందు పెట్టాలి. ఆ తర్వాత బహిరంగ విచారణలు. వాటికి పట్టుమని పదిమంది వస్తారు, ఎప్పుడూ వచ్చేవాళ్ళే. ఈసారి అక్కడికి రైతు సంఘాలు రెండు కోరికలతో వెళ్ళాలి. వ్యవసాయ ఫీడర్ల గంటల వారీ వాడకాన్ని మండలాల వారీగా ప్రతి నెలా ప్రకటించాలన్నది మొదటిది. మూడేళ్ళలో ప్రతి వ్యవసాయ ఫీడరుకూ పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు లోపే నికరంగా త్రీఫేజ్ ఇవ్వాలని, ఇవ్వలేని రోజుకు డిస్కం జవాబు చెప్పాలని టారిఫ్ ఉత్తర్వులోనే రాయించుకోవడం రెండోది. మొదటి కోరికకు కొత్త పథకం, కొత్త అప్పు, కొత్త ఒప్పందం ఏదీ అక్కర్లేదు.